ఐఎల్-6 ఇచ్చినా నాలుక క్యాన్సర్ కణాల్లో ఫాస్ఫో స్టాట్3 బ్యాండు మారడం లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

కాకినాడ_కణం

అందరికీ నమస్కారమండి. ఎమ్మెస్సీ బయోటెక్ ప్రాజెక్టు కింద క్యాల్ 27 అనే నాలుక క్యాన్సర్ కణాల మీద ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) అనే వాపు ప్రోటీన్ ప్రభావం చూస్తున్నాం. ఆరు వెల్‌ల ప్లేటులో వెల్‌కి 3 లక్షల కణాలు వేసి, మర్నాడు 10 శాతం సీరం ఉన్న మీడియంలోనే ఐఎల్-6 మి.లీ.కి 10 నానోగ్రాముల చొప్పున కలిపాం. 24 గంటల తర్వాత కణాలు పగలగొట్టిన ద్రవం (లైసేట్) తీసి, ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే వెస్టర్న్ బ్లాట్ పెడితే, ఫాస్ఫో స్టాట్3 (సంకేతం మోసే స్టాట్3 ప్రోటీన్‌కి 705వ టైరోసిన్ మీద ఫాస్ఫేట్ తగిలిన రూపం) కంట్రోల్‌లో ఎంత ఉందో ఐఎల్-6 ఇచ్చిన వెల్‌లోనూ అంతే ఉంది. 48 గంటల ఎంటీటీలో (కణాలు ఎంత బాగున్నాయో రంగుతో చెప్పే పరీక్ష) తేడా ఐదారు శాతం దాటలేదు. పసుపులో ఉండే కర్కుమిన్ 20 మైక్రోమోలార్ వేస్తే మాత్రం రెండింటిలోనూ రీడింగు సగానికి పడింది.

వాపు ప్రోటీన్లు క్యాన్సర్ కణాల్ని పెంచుతాయనే ఎక్కడ చూసినా ఉంది. మరి ఈ కణాలకు ఐఎల్-6 పనిచేయదని రాసేయొచ్చా? కర్కుమిన్ ఆ దారిని ఆపిందని రాయొచ్చా? తర్వాత రోగుల రక్తంలో ఐఎల్-6 కొలవాలని గైడ్ గారి ఆలోచన. దాని గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.


వశిష్ఠ_బ్లాట్

రెండూ రాయకండి. మీ బ్లాట్ ఆ రెండు ప్రశ్నల్లో దేనికీ జవాబు చెప్పడం లేదు.

మొదటి సంగతి, సమయం. ఐఎల్-6 వెళ్లి కణం మీద ఉన్న ఐఎల్-6 గ్రాహకానికి అతుక్కుంటుంది, ఆ జంట జీపీ130 అనే ప్రోటీన్లను దగ్గరికి లాగుతుంది. జీపీ130కి లోపలివైపు అంటిపెట్టుకుని ఉండే జాక్ ఎంజైములు, ముఖ్యంగా జాక్1, మేల్కొని స్టాట్3కి 705వ టైరోసిన్ మీద ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఇదంతా నిమిషాల్లో జరిగే పని. 15 నుంచి 30 నిమిషాల మధ్య బ్యాండు గరిష్ఠానికి వస్తుంది. స్టాట్3 కేంద్రకంలోకి వెళ్లి మొదట్లోనే తయారు చేయించేవాటిలో సాక్స్3 అనే ప్రోటీన్ ఒకటి. అది వచ్చి జీపీ130 మీద కూర్చుని, కాలవకి లాకు తలుపు దించినట్టు, జాక్‌ని ఆపేస్తుంది. గంట, రెండు గంటలకల్లా సంకేతం బాగా తగ్గిపోతుంది. మీరు 24 గంటలకు చూశారు. అప్పటికి మీరు ఇచ్చిన ఐఎల్-6 తాలూకు కథ ఎప్పుడో అయిపోయింది.

రెండోది, కంట్రోల్‌లో బ్యాండు ఎందుకు ఉంది అన్నది. నోటి స్క్వామస్ లైన్లలో చాలావాటికి స్టాట్3 బయటినుంచి ఏమీ ఇవ్వకపోయినా ఎంతో కొంత వెలిగే ఉంటుంది. ఆ కణాలే ఐఎల్-6 తయారుచేసి మీడియంలోకి వదులుతాయి, మళ్లీ అవే అందుకుంటాయి. మీడియం మార్చకుండా రోజంతా ఉంచితే కంట్రోల్ వెల్‌లో కూడా ఐఎల్-6 పోగవుతుంది. దానికితోడు ఈజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్ గ్రాహకం, సార్క్ కైనేజ్ అనే ఎంజైము కూడా స్టాట్3ని వెలిగించగలవు, మీ 10 శాతం సీరంలో వాటిని కదిలించేవన్నీ ఉన్నాయి. అందుకని మీ కంట్రోల్ నిజానికి కంట్రోల్ కాదండి.

ఇలా పెట్టండి. కణాలు 70 శాతం నిండాక పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగి, 0.5 శాతం సీరం మీడియంలో 12 నుంచి 16 గంటలు ఉంచండి. ఐఎల్-6 ఇవ్వడానికి రెండు గంటల ముందు అదే మీడియం మళ్లీ తాజాగా మార్చండి, పోగైంది పోతుంది. తర్వాత ఐఎల్-6 మి.లీ.కి 20 నుంచి 50 నానోగ్రాములు. సమయాలు 0, 5, 15, 30, 60, 120 నిమిషాలు. ఆరు వెల్‌లు సరిగ్గా సరిపోతాయి. అన్నీ ఒకేసారి లైసిస్ అయ్యేలా వెనక నుంచి లెక్కేసి, 120 నిమిషాల వెల్‌కి ముందు, 5 నిమిషాల వెల్‌కి చివర ఐఎల్-6 కలపండి. సున్నా వెల్‌కి అంతే పరిమాణంలో ఖాళీ బఫర్ కలపడం మరిచిపోవద్దు, మీడియం కదిలించినా కణాలు ఉలిక్కిపడతాయి.

పక్కనే హెప్‌జీ2 కాలేయ కణాలు ఒక వెల్ పెట్టుకోండి. ఐఎల్-6కి గట్టిగా స్పందించే లైను అది, 20 నానోగ్రాములకు 15 నిమిషాల్లోనే స్పష్టమైన బ్యాండు ఇస్తుంది. అందులో కూడా రాకపోతే తప్పు మీ ఐఎల్-6 వైల్‌లోనో యాంటీబాడీలోనో ఉందన్నమాట. హెప్‌జీ2లో వచ్చి క్యాల్ 27లో రాకపోతే అప్పుడు గ్రాహకం సంగతి ఆలోచించాలి. జీపీ130 దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది కానీ ఐఎల్-6 గ్రాహకం అలా కాదు. అలాంటప్పుడు కరిగే గ్రాహకాన్ని మి.లీ.కి 100 నానోగ్రాములు, ఐఎల్-6తో కలిపి ఇచ్చి చూడండి. శరీరంలో కూడా తెల్లకణాలు విడిచిన కరిగే గ్రాహకం ఇదే పని చేస్తుంది, వాపు ఉన్నచోట గ్రాహకం లేని కణం కూడా ఐఎల్-6 మాట వినేది ఈ దారిలోనే.

కంట్రోల్‌లో ముందే ఉన్న బ్యాండు దేనివల్లో తేల్చడానికి ఒక వెల్‌లో జాక్‌ని ఆపే రుక్సోలిటినిబ్ 1 మైక్రోమోలార్, ఇంకో వెల్‌లో ఈజీఎఫ్ గ్రాహకాన్ని ఆపే ఎర్లోటినిబ్ 1 మైక్రోమోలార్, గంట ముందు వేయండి. మొదటిదానికి బ్యాండు పడిపోతే జాక్ దారి, రెండోదానికి పడిపోతే ఈజీఎఫ్ గ్రాహకం. జాక్ దారి అని తేలితే, అది ఐఎల్-6 వల్లేనని చెప్పడానికి ఐఎల్-6ని బంధించే యాంటీబాడీ వేసిన వెల్ ఒకటి కావాలి. ఎందుకంటే ఆంకోస్టాటిన్ ఎం, ఎల్ఐఎఫ్ అనే ప్రోటీన్లు కూడా జీపీ130నే వాడుకుంటాయి.

బ్లాట్ విషయంలో ఫాస్ఫేట్ ఊడిపోవడమే పెద్ద సమస్య. ప్లేటును ఐసు మీద పెట్టి, చల్లటి పీబీఎస్‌తో కడిగి వెంటనే లైసిస్ బఫర్ వేయాలి. బఫర్‌లో సోడియం ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్, సోడియం ఫ్లోరైడ్ 10 మిల్లీమోలార్ తప్పనిసరి. వనడేట్‌ని ఊరికే నీళ్లలో కలిపి వాడేస్తారు చాలామంది, అది పనిచేయదు. పీహెచ్ 10కి తెచ్చి, పసుపు రంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, మళ్లీ పీహెచ్ చూసుకుని, రంగు తిరిగి రాని దాకా ఇదే చేయాలి. తర్వాత చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్‌లో దాచండి. 8 శాతం జెల్, లేన్‌కి 25 మైక్రోగ్రాముల ప్రోటీన్. బ్లాకింగ్‌కి పాలపొడి కాదు, టీబీఎస్‌టీ బఫర్‌లో 5 శాతం బీఎస్ఏ (పశువు సీరం అల్బుమిన్). పాలలోని కేసిన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. ప్రైమరీ యాంటీబాడీ 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. స్టాట్3కి 86, 79 కిలోడాల్టన్ల దగ్గర రెండు బ్యాండ్లు కనిపించొచ్చు, ఆల్ఫా బీటా రూపాలవి, కంగారు పడక్కర్లేదు.


గౌతమి_కల్చర్

పైన చెప్పినదంతా సరే. ఒక్క మాట మాత్రం జోడించాలి. సీరం తగ్గించి రాత్రంతా ఉంచమన్నారు కదా, కర్కుమిన్ వెల్‌లకి అది పనికిరాదు. సీరం లేని మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.2లో కర్కుమిన్ అరగంటలో 90 శాతం దాకా విరిగిపోతుంది. 10 శాతం సీరం ఉంటే అల్బుమిన్‌కి అతుక్కుని గంటల తరబడి నిలుస్తుంది. కాబట్టి 0.5 శాతం సీరంలో మీరు చూసేది చాలావరకు విరిగిన ముక్కల ప్రభావం. పైగా అది చాలా ప్రోటీన్లకు అడ్డదిడ్డంగా అంటుకునే అణువు. ఐఎల్-6 ఇచ్చిన వెల్‌లోనూ ఇవ్వని వెల్‌లోనూ రీడింగు సమానంగా పడింది అంటే ఐఎల్-6 దారిని ప్రత్యేకంగా ఆపిందనడానికి ఆధారమే లేదు, కణాలు మామూలుగానే దెబ్బతిన్నాయంతే. దారిని ఆపిందని చెప్పాలంటే కణాలు చావడం మొదలవ్వకముందే, అంటే కర్కుమిన్ వేసిన గంట రెండు గంటల్లో, ఫాస్ఫో స్టాట్3 తగ్గి మొత్తం స్టాట్3 తగ్గకుండా ఉండాలి.

ఎంటీటీతో ఇంకో చిక్కు. అది కణాల సంఖ్య లెక్కపెట్టదు, కణాల్లోని ఎంజైములు రంగును ఎంత మార్చాయో చెబుతుంది. కర్కుమిన్‌లాంటి పాలీఫినాల్‌లు కణాలు లేకపోయినా ఎంటీటీని మార్చేయగలవు, పైగా దానికి సొంత పసుపు రంగు. కణాలు లేని వెల్‌లో మీడియం, కర్కుమిన్, ఎంటీటీ వేసి బ్లాంక్ తీసుకోండి. ఎంటీటీ కలిపే ముందు మందు ఉన్న మీడియం తీసేసి ఒకసారి కడగండి. కర్కుమిన్‌ని కరిగించే డీఎంఎస్‌ఓ అన్ని వెల్‌లలోనూ ఒకటే, 0.1 శాతం మించకుండా.

అసలు సంగతి ఏంటంటే, ఐఎల్-6 పని కణాల్ని గబగబా విభజింపజేయడం అనుకుంటే నిరాశే మిగులుతుంది. 10 శాతం సీరంలో ఆ కణాలు ఎలాగూ పరిగెడుతూనే ఉంటాయి, దానికి ఐఎల్-6 కలిపితే పెరిగేదేముంది? స్టాట్3 తయారు చేయించే వాటిలో విభజనను నడిపే సైక్లిన్ డీ1, మిక్ ఉన్నమాట నిజమే. కానీ బీసీఎల్-ఎక్స్‌ఎల్, ఎంసీఎల్-1, సర్వైవిన్ కూడా ఉన్నాయి. ఇవి చావును ఆపే ప్రోటీన్లు. అందుకని ప్రశ్న మార్చండి. కణాలకు కష్టం పెట్టి, ఐఎల్-6 ఉంటే ఎన్ని బతికాయో చూడండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు మోతాదులు ఐదారు వేసి, ఐఎల్-6తో ఒక వరస, లేకుండా ఒక వరస పెట్టి, సగం కణాలు చచ్చే మోతాదు ఎంత జరిగిందో పోల్చండి. సిస్‌ప్లాటిన్‌ని డీఎంఎస్‌ఓలో కరిగించకండి, డీఎంఎస్‌ఓ ప్లాటినానికి అతుక్కుని మందు బలం పోతుంది. 0.9 శాతం సెలైన్‌లో కలుపుకోండి. రెండో పరీక్షగా వెల్‌కి 500 కణాలు పల్చగా చల్లి 10 నుంచి 14 రోజులు వదిలి, 0.5 శాతం క్రిస్టల్ వయొలెట్‌తో కాలనీలు లెక్కపెట్టండి. తక్కువ కణాలున్నప్పుడు వాటి సొంత ఐఎల్-6 పోగవదు, బయటినుంచి ఇచ్చినదాని ప్రభావం అక్కడ బాగా తెలుస్తుంది. మీడియం మార్చినప్పుడల్లా ఐఎల్-6 మళ్లీ ఇవ్వాలి.

ఐఎల్-6 వైల్ గురించి. మొదట లేబుల్ మీద మనిషిదా ఎలుకదా చూడండి. మనిషి ఐఎల్-6 ఎలుక కణాల మీద పనిచేస్తుంది కానీ ఎలుక ఐఎల్-6 మనిషి కణాల మీద పనిచేయదు. ఇద్దరు ముగ్గురు వాడుకునే ఫ్రీజర్‌లో ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. వైల్ తెరిచేముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క క్షణం తిప్పండి, పొడి మూతకి అంటుకుని ఉంటుంది. 0.1 శాతం బీఎస్ఏ ఉన్న స్టెరైల్ పీబీఎస్‌లోనే కరిగించాలి. బీఎస్ఏ లేకుండా నానోగ్రాముల్లో పల్చన చేస్తే ప్రోటీన్ ట్యూబు గోడకే అంటుకుపోతుంది, కణాలకు చేరేది ఏమీ ఉండదు. 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80లో పెట్టి, కరిగించినది మళ్లీ గడ్డకట్టించకండి. మన వైపు ఎండాకాలం కరెంటు పోతే మామూలు మైనస్ 20 ఫ్రీజర్‌లో సరుకు మెత్తబడి మళ్లీ గడ్డకడుతుంది, బయటికి ఏమీ తెలీదు. పక్కన ఒక ట్యూబులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఉంచండి. బిళ్ల మునిగి ఉంటే ఫ్రీజర్ కరిగిందని అర్థం.

నీటి సంగతి కూడా. కోనసీమ తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని ఆర్‌ఓ, డిస్టిల్లేషన్ పెట్టుకుంటాం. ఉప్పు పోతుంది కానీ ట్యాంకులో నిలవున్న నీటిలో బ్యాక్టీరియా పెరిగితే వాటి గోడలోని విషం, ఎండోటాక్సిన్, మిగులుతుంది. ఆటోక్లేవ్‌తో అది పోదు, గాజు సామాను మీదదైతే 250 డిగ్రీల పొడి వేడి అరగంట కావాలి. ఎండోటాక్సిన్ తగిలిన కణాల్లో వాపు జన్యువుల్ని నడిపే ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రోటీన్ మేల్కొని ఆ కణాలే ఐఎల్-6 కుమ్మరిస్తాయి. ఈ ప్రయోగానికి స్టాకులన్నీ ఇంజెక్షన్ నీటితోనో కొన్న ఎండోటాక్సిన్ రహిత నీటితోనో చేయండి. కల్చర్‌లో మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా ఉన్నా ఇదే గోల, అదీ వాపు సంకేతాలు పుట్టిస్తుంది, ఎంటీటీ రీడింగునీ చెడగొడుతుంది. మీడియం మబ్బుగా అవదు కాబట్టి కంటికి తెలీదు. పీసీఆర్ పరీక్ష చేయించాకే ఈ పని మొదలుపెట్టండి.


కాకినాడ_కణం

ఆయ్, చాలా థాంక్సండి ఇద్దరికీ. వైల్ మనిషిదే, కానీ బీఎస్ఏ లేకుండా కరిగించాం. మళ్లీ మొదలుపెడతాం. టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ఇంకో వాపు ప్రోటీన్ కూడా మా దగ్గర ఉంది. దాన్ని కూడా ఇలాగే 15 నిమిషాలకు చూడాలా? అది క్యాన్సర్ కణాల్ని చంపుతుందా పెంచుతుందా అన్నది రెండు రకాలుగానూ కనిపిస్తోంది.


వశిష్ఠ_బ్లాట్

రెండూ నిజమే, ఎన్‌ఎఫ్ కప్పా బి పనిచేస్తోందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. టీఎన్ఎఫ్ మి.లీ.కి 10 నానోగ్రాములు ఇస్తే 15 నిమిషాల్లో, ఎన్‌ఎఫ్ కప్పా బిని కట్టి ఉంచే ఐకప్పాబి ఆల్ఫా బ్యాండు దాదాపు మాయమవుతుంది. అది పట్టి ఉంచిన పీ65 (ఎన్‌ఎఫ్ కప్పా బిలో ఒక భాగం) కేంద్రకంలోకి వెళుతుంది. వెళ్లి తయారు చేయించేవాటిలో మళ్లీ ఐకప్పాబి ఆల్ఫానే ఒకటి, అందుకని గంటకల్లా ఆ బ్యాండు తిరిగొస్తుంది. 0, 5, 15, 30, 60, 90 నిమిషాలు చూడండి. 60 నిమిషాలు ఒక్కటే చూసినవాళ్లకు ఏమీ జరగలేదనిపిస్తుంది.

చావు సంగతి తెలియాలంటే నాలుగు వెల్‌లు చాలు. ఖాళీ, టీఎన్ఎఫ్ ఒక్కటి, సైక్లోహెక్సిమైడ్ ఒక్కటి, రెండూ కలిపి. టీఎన్ఎఫ్ ఒక్కటే ఇస్తే చాలా లైన్లలో కణాలు నిక్షేపంగా ఉంటాయి, ఎందుకంటే ఎన్‌ఎఫ్ కప్పా బి గబగబా ఎఫ్‌ఎల్‌ఐపీ, సీఐఏపీ2, ఏ20 లాంటి కాపాడే ప్రోటీన్లు తయారుచేయిస్తుంది. సైక్లోహెక్సిమైడ్ ప్రోటీన్ తయారీని ఆపేస్తుంది కాబట్టి కాపాడేవి రావు, అదే టీఎన్ఎఫ్ అప్పుడు చంపుతుంది. హీలా క్యాన్సర్ కణాల్లో ఇది చాలా స్పష్టంగా వస్తుంది. సైక్లోహెక్సిమైడ్ మి.లీ.కి 1 నుంచి 10 మైక్రోగ్రాముల మధ్య, అది ఒక్కటే ఇచ్చిన వెల్‌లో కణాలు బాగుండే మోతాదు ముందు వెతుక్కోవాలి. కణం చస్తోందని చెప్పే కేస్‌పేజ్-3 ముక్క బ్యాండు 6 గంటలకు చూడండి. సైక్లోహెక్సిమైడ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇంకొకటి. ఐఎల్-6 జన్యువును నడిపేవాటిలో ఎన్‌ఎఫ్ కప్పా బి ఒకటి. కాబట్టి టీఎన్ఎఫ్ ఇచ్చిన కొన్ని గంటలకు ఫాస్ఫో స్టాట్3 పెరిగితే అది టీఎన్ఎఫ్ నేరుగా చేసింది కాకపోవచ్చు, మధ్యలో కణాలు వదిలిన ఐఎల్-6 చేసిందై ఉండొచ్చు. బంధించే యాంటీబాడీ వెల్ ఇక్కడ కూడా పెట్టాలి.


రాజమండ్రి_పాథో

రోగుల శాంపిళ్ల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా. మన ప్రాంతంలో నోటి క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో ఖైనీ, గుట్కా, వక్క, చుట్ట అలవాటు ఉన్నవాళ్లు ఎక్కువ. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు వెళ్లేదే. ఉత్తరాంధ్ర తీరంలోనైతే నిప్పు కొస నోట్లో పెట్టుకునే అడ్డపొగ వల్ల అంగిలి మీద వస్తుంది. వక్క ఒక్కటే చాలు క్యాన్సర్ తేవడానికని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. వీటిలో డీఎన్ఏని దెబ్బతీసే పదార్థాలు వేరు, రోజూ అదే చోట రాపిడి, సున్నం మంట వల్ల వచ్చే వాపు వేరు. రెండూ కలిసి పనిచేస్తాయి. వాపు ప్రోటీన్లు ఒక్కటే క్యాన్సర్ పుట్టించాయని రాయకండి. దెబ్బతిన్న కణం చావాల్సిన చోట చావకుండా నిలబెట్టడం, దానికి రక్తనాళాలు పిలిపించడం వాటి వాటా.

ఆ వాటా ఏ కణంలో ఎలా ఉంటుందో చూపించిన ఎలుకల ప్రయోగం ఒకటి 2004లో వచ్చింది. పేగు వాపుతో వచ్చే క్యాన్సర్‌లో, పేగు పొర కణాల్లో మాత్రమే, ఎన్‌ఎఫ్ కప్పా బిని మేల్కొలిపే ఐకేకే బీటా తీసేస్తే కణితుల సంఖ్య 80 శాతం దాకా తగ్గింది, కానీ వాపు తగ్గలేదు, మిగిలిన కణితుల సైజూ తగ్గలేదు. అదే ఐకేకే బీటాని తెల్లకణాల్లో, అంటే మైలాయిడ్ కణాల్లో తీసేస్తే కణితుల సైజు తగ్గింది. పొర కణంలో అది చావును ఆపుతోంది, తెల్లకణంలో ఐఎల్-6 లాంటివి తయారుచేసి పక్కకణాన్ని పెంచుతోంది. మీ క్యాల్ 27 ప్లేటులో తెల్లకణాలూ లేవు, ఫైబ్రోబ్లాస్టులూ లేవు. నోటి కణితిలో ఐఎల్-6 వాటినుంచి కూడా చాలా వస్తుంది. డిస్కషన్ రాసేటప్పుడు ఈ పరిమితి ఒక్క వాక్యంలో కాకుండా వివరంగా రాయండి.

రక్తంలో కొలవడానికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. తర్వాత ఎవరి శాంపిల్ ఎప్పుడు తీయాలన్నది. బయాప్సీకి ముందే తీయాలి, కోత పడితే రోజులోపే ఐఎల్-6 పెరుగుతుంది. ఖైనీ నమిలేవాళ్లలో చిగుళ్ల జబ్బు, పంటి చీము మామూలు. అదొక్కటే ఐఎల్-6ని పెంచగలదు. షుగరు, ఊబకాయం, జ్వరం కూడా. డెల్టాలో ఫైలేరియా ఉన్న మనిషికి జ్వరం, వాపు వచ్చి వెళుతుంటాయి కాబట్టి ఆ వివరం కూడా ఫారంలో అడగండి. కంట్రోల్ గుంపుగా కాలేజీ కుర్రాళ్లను తీసుకుంటే తేడా బ్రహ్మాండంగా వస్తుంది, కానీ అది వయసు తేడా, పళ్ల తేడా. అదే వయసు, అదే అలవాటు, దంతవైద్యుడు చూసిన నోరు, కానీ పుండు లేనివాళ్లు కావాలి.

ఉదయం పరగడుపున తీయండి. గది ఉష్ణోగ్రతలో అరగంట గడ్డకట్టనిచ్చి, 1500 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, తీసిన రెండు గంటల్లోపే సీరం వేరుచేసి మైనస్ 80లో పెట్టాలి. ఎర్రగా కనిపించిన సీరం వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఐఎల్-6 మి.లీ.కి కొన్ని పికోగ్రాములే ఉంటుంది, ప్రోటీన్ కొలిచే మామూలు ఎలైసా కిట్ అడుగు స్టాండర్డే దానికంటే ఎక్కువ ఉండొచ్చు. అలాంటి కిట్‌తో సగం శాంపిళ్లు సున్నా వస్తాయి. కొనేముందు కిట్ కాగితంలో కనీస స్టాండర్డ్ చూసి హై సెన్సిటివిటీ రకం తీసుకోండి. లాలాజలం తీస్తే గంట ముందు నుంచి తిండి, ఖైనీ ఏమీ లేకుండా, నీళ్లతో పుక్కిలించాక, ఐసు మీద ట్యూబులోకి ఊరికే కారనిచ్చి తీసుకోవాలి. అందులో చిగుళ్ల రక్తం కనిపిస్తే ఆ విలువ కణితిది అనుకోవడానికి లేదు.

కణితి ముక్కలోనే ఫాస్ఫో స్టాట్3 రంగు వేయించి చూడాలనుకుంటే ఆపరేషన్ థియేటర్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. కోసిన ముక్క బల్ల మీద ఉన్న ప్రతి నిమిషం ఫాస్ఫేట్లు పోతుంటాయి. ముక్కకి పదింతల 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వెంటనే వేయాలి, పెద్ద ముక్కైతే కోసి వేయాలి, 24 గంటలు చాలు. పాత బ్లాకుల్లో రంగు రాకపోతే అది కణితి లక్షణమని అనుకోకండి. అదే బ్లాకులో రక్తనాళాల లోపలి పొర కణాల్లోనో లింఫోసైట్లలోనో రంగు పడిందేమో చూడండి. వాటిలో కూడా లేకపోతే ఆ బ్లాకు లెక్కలోకి రాదు.


గౌతమి_కల్చర్

పాథో గారు చెప్పిన దానికి అనుబంధంగా ఒకటి. వాపు ప్రోటీన్‌ని ఆపితే క్యాన్సర్ తగ్గిపోతుందని డిస్కషన్‌లో ధీమాగా రాసేస్తుంటారు. 2017లో వచ్చిన క్యాంటోస్ ట్రయల్ గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా రోగుల మీద జరిగింది, ఐఎల్-1 బీటా అనే వాపు ప్రోటీన్‌ని ఆపే కెనాకిన్యుమాబ్ ఇచ్చినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించింది. కానీ తర్వాత అప్పటికే ఆ క్యాన్సర్ ఉన్నవాళ్లకు అదే మందు ఇచ్చిన పెద్ద ట్రయళ్లు అనుకున్న ఫలితం ఇవ్వలేదు. రెండూ కలిపి రాయండి. పసుపు గురించి కూడా అంతే. 20 మైక్రోమోలార్ ప్లేటులో పోయడం తేలిక, రోజుకి 8 గ్రాములు మింగించిన ట్రయల్‌లో కూడా రక్తంలో కనిపించింది 2 మైక్రోమోలార్‌కి లోపే. కీమో నడుస్తున్న వాళ్లెవరైనా మీ ప్రాజెక్టు చూసి పసుపు బిళ్లలు మొదలుపెడతామంటే, వాళ్ల డాక్టరు గారిని అడగకుండా వద్దని చెప్పండి.


వశిష్ఠ_బ్లాట్

చివరిగా లెక్క గురించి. ఫాస్ఫో బ్యాండుని అన్ని లేన్లలోనూ దాదాపు ఒకేలా ఉండే యాక్టిన్‌తో మాత్రమే భాగిస్తే చాలదు, మొత్తం స్టాట్3తో కూడా భాగించాలి. ఎక్కువ గంటల పాటు ఐఎల్-6 ఇస్తే స్టాట్3 తన జన్యువునే తానే నడిపించుకుని మొత్తం ప్రోటీనే పెరుగుతుంది. రెండు యాంటీబాడీలకు ఒకే మెంబ్రేన్ స్ట్రిప్ చేసి (మొదటి యాంటీబాడీని కడిగేసి) వాడేటట్లయితే ముందు ఫాస్ఫో, తర్వాతే మొత్తం. స్ట్రిప్ చేశాక సెకండరీ ఒక్కటే వేసి ఒకసారి ఎక్స్‌పోజ్ చేయండి, పాత బ్యాండు ఇంకా కనిపిస్తే స్ట్రిప్పింగ్ సరిగ్గా జరగలేదు. వేర్వేరు పాసేజ్‌లతో (విడివిడిగా పెంచిన కణాలతో) మూడు బ్లాట్లు పెట్టాలి, ఒకే లైసేట్‌ని మూడుసార్లు నడిపితే అది ఒకటే లెక్క.